ఆట లేని పోస్టరు

రేవుపాలెం మున్సిపాలిటీ వారికి ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరికి తిండీ నిద్రా కరువవుతాయి. ఈసారి ఆ వంతు కళ్ళజోళ్ళ కామేశం గారికి వచ్చింది.

ఆ ప్రేమ పుట్టడానికి మూలకారకుడు చైర్మన్ గారి వియ్యంకుడు. ఆయన సకుటుంబంగా రేవుపాలెం వచ్చి, బస్టాండు గోడ మీద ఓ కుటుంబ కథాచిత్రం పోస్టరు చూసి ముచ్చటపడి, కోడళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని రిక్షాల్లో హాలుకి వెళ్ళాడు. ఆ సినిమా ఎత్తేసి నెల దాటింది. ఆడుతున్నది దెయ్యాల సినిమా. పెద్దకోడలు దడుచుకుని జ్వరం తెచ్చుకుంది. వియ్యంకుడు అలిగి, ఆ పూట విస్తరి ముందు కూర్చోలేదు. వియ్యంకుడు భోంచెయ్యని ఇంట్లో చైర్మన్ గారికి మాత్రం ముద్ద ఎలా దిగుతుంది? మర్నాడే కౌన్సిలు అత్యవసరంగా సమావేశమై తీర్మానం చేసింది. "గోడపై పోస్టరున్నచో ఆట ఉండితీరవలెను. ఆట లేని పోస్టరు ప్రజావంచన. అట్టి పోస్టరును తక్షణమే చించి దగ్ధము చేయవలెను."

ఎవరి గోడ, లోపలి గోడా బయటి గోడా అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. వియ్యంకుడు రైలెక్కేలోపల తీర్మానం అయిపోవాలి కాబట్టి అంత ఆలోచించే తీరిక లేకపోయింది.

దంటు కామేశం గారికి ఈ గొడవేదీ తెలియదు. రేవుకి వెళ్ళే రోడ్డు మీద ముందు గదిలో కళ్ళజోళ్ళ దుకాణం, వెనక కాపురం. పగలు ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తారు, సాయంకాలం తన గోడలు చూసుకుంటారు. ఆ గోడల నిండా ఇటలీ దేశపు పాత సినిమా పోస్టర్లు. కెమెరాతో తీసినవి కావు, చిత్రకారులు కుంచె పట్టి వేసినవి. టోపీ కళ్ళమీదికి లాక్కుని తుపాకీ గురిపెట్టినవాడు, కత్తి దూసిన చక్రవర్తి, పిల్లవాణ్ణి పొదువుకుని ఏడుస్తున్న తల్లి, ఎవరినో చూసి కళ్ళు పెద్దవి చేసుకుని పరిగెడుతున్న బట్టతలాయన. అద్దం కొయ్యడం చేతనైన మనిషి కనక ప్రతిదానికీ తనే అద్దం కోసి, చట్రం కట్టి, చెదపట్టకుండా వెనక వేపాకు పెట్టి తగిలించుకున్నారు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, చాలా ఏళ్ళ కిందట రేవులో ఆగిన ఓడ మీంచి ఓ ఇటలీ నావికుడు పగిలిన కళ్ళజోడు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. కామేశం గారు అద్దాలు వేసిచ్చారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ కుర్రాడు సముద్రం వంక చూసి, ఆకాశం వంక చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయి, మర్నాడు చుట్టిన కాగితమొకటి తెచ్చి చేతిలో పెట్టాడు. విప్పితే జోరున వాన. ఆ వానలో ఓ ఇంటి చూరు కింద పసుపుపచ్చ గౌనులో ఒకావిడ, ఒక చెయ్యి సైకిలు మీద వేసి, వీధి చివరికి చూస్తూ నిలబడి ఉంది. అడుగు ముందుకు వెయ్యబోతోందా, వెనక్కి తగ్గబోతోందా అన్నది ఎంత చూసినా తెలియదు. ఆ తెలియకపోవడమే కామేశం గారిని కట్టిపడేసింది. అప్పట్నించీ రేవుకి ఏ ఓడ వచ్చినా, మద్రాసులో ఏ పాతకాగితాల కొట్టు కనిపించినా ఇటలీ పోస్టర్ల కోసం వాకబు చెయ్యడం మొదలుపెట్టారు.

ఇన్ని పోస్టర్లున్నా ఒక్క ఇటలీ సినిమా కూడా ఆయన చూడలేదు. చూడాలని కోరికా లేదు. "సినిమా చూస్తే కథ ఒక్కటే. పోస్టరు చూస్తే ఎన్నైనా" అనేవారు భార్య రత్నంతో. ఆవిడ పప్పు ఏరుకుంటూ, "అందుకేగా మధ్యగదిలో మీ పచ్చగౌనావిడ ముందు గంటలు గంటలు నిలబడతారు. నా ముందు ఎప్పుడైనా అంతసేపు నిలబడ్డారా?" అనేది. నిజం కనక కామేశం గారు ఏదో పనున్నట్టు దుకాణంలోకి వెళ్ళిపోయేవారు.

ఇలా ఉండగా మున్సిపల్ ఇన్‌స్పెక్టరు కోలా సన్యాసిరావు కళ్ళజోడుకి వచ్చాడు. చూపు మందగించి చాలాకాలమైంది. అందువల్ల ఊరికి మేలే జరిగింది. మురిక్కాలవల మీద అరుగులూ, రోడ్డు మీదికి తోసుకొచ్చిన మెట్లూ ఆయనకి కనిపించేవి కావు. కామేశం గారు వృత్తిధర్మం కొద్దీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో అద్దమే మార్చి చూపించారు.

"ఇప్పుడెలా ఉందండి?"

"ఆయ్, అద్దంలా ఉందండి. ఆఖరి వరస కూడా చదివేత్తన్నానండి." అక్షరాల అట్ట పూర్తిచేసిన సన్యాసిరావు చూపు ఆ ఊపులో గోడమీదికి పాకింది. "ఆ టోపీ ఆయనెవరండి? తుపాకీ నా కేసే పెట్టాడు?"

"ఇటలీ సినిమా పోస్టరండి. అపురూపమైనది."

"ఎక్కడాడతందండి?"

"ఎక్కడా ఆడటం లేదండి" అన్నారు కామేశం గారు, నవ్వుతూ.

సన్యాసిరావు నవ్వలేదు. కొత్త కళ్ళజోడు సవరించుకుని జేబులోంచి కలం తీశాడు. "మీరు నాకు చూపిచ్చారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదండి. కానీ ఇప్పుడు కనపళ్ళేదని ఎలా చెప్పనండి?"

మూడోనాటికల్లా కామేశం గారు ప్రకటనల నియంత్రణాధికారి మంత్రిప్రగడ సదానందం గారి ఎదుట నిలబడ్డారు. సదానందం గారు మాట్లాడితే ఎదురుగా ఉన్నది మనిషి కాదు, బహిరంగ సభ అనిపిస్తుంది.

"సినిమా లేదంటారు. పోస్టరు ఉన్నదంటారు. ఈ రెంటికీ సమన్వయం కుదిరేదెట్లాగో తమరే సెలవివ్వాలి."

"అవి బొమ్మలండి. అలంకారానికి పెట్టుకున్నాను."

"బొమ్మలని తమ అభిప్రాయం. వాటి మీద చిత్రం పేరున్నది, తారల పేర్లున్నవి, అడుగున ముద్రాపకుల పేరున్నది. శాఖాపరంగా అవి పోస్టర్లు."

"మా ఇంట్లోపల ఉన్నాయి కదండీ?"

"గోడ మీదనా, కాదా?"

"గోడ మీదేనండి."

"గోడ శాఖ పరిధిలోనిది. ఇల్లు తమది, గోడ మాది అనడం లేదు. గోడ గోడే అంటున్నాను." సదానందం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "తమరి మీద శాఖకు ద్వేషం లేదు. ఆట ఆడించండి, పోస్టరు ఉంచుకోండి. లేదా చించి దగ్ధం చేసి, బూడిద సమర్పించండి."

"ఆట అంటే నిబంధనలో ఏమని ఉందండి?" అన్నారు కామేశం గారు నీరసంగా.

సదానందం గారు తీర్మానం తిరగేశారు. "ఒక కథను ఆద్యంతములతోను, మధ్య విశ్రాంతితోను, ప్రజలకు ప్రదర్శించుట."

"తెర, మిషనూ ఉండాలని లేదాండీ?"

"అవి విద్యుత్ శాఖ వారి విషయం. మేము ఇతరుల శాఖలో వేలు పెట్టం."

కామేశం గారు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి మంచం మీద కూలబడితే, రత్నం అంతా విని, "ఓస్, ఇంతేనా? కథేగా కావాలి! ఇన్నాళ్ళూ గోడలకి చెప్పుకున్నారు, ఇప్పుడు మనుషులకి చెప్పండి" అంది.

అలా దంటు వారి ఇంట్లో ఆటలు మొదలయ్యాయి. మొదటిరోజు ఉదయం ఆటకి ప్రేక్షకుడు సన్యాసిరావు ఒక్కడే. అది కూడా ఉద్యోగరీత్యా. కామేశం గారు అక్షరాలు చూపించే బెత్తం పట్టుకుని తుపాకీవాడి పోస్టరు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. మొదట మాట తడబడింది. తరవాత ఆ టోపీవాడు చిన్నప్పుడు తల్లిని పోగొట్టుకున్న సంగతి చెప్పేసరికి కథ దానంతటదే నడవడం మొదలుపెట్టింది. విశ్రాంతిలో రత్నం మరమరాలు పెట్టింది. సన్యాసిరావు అవి నోట్లో వేసుకోవడం మరిచిపోయి, "తరవాతేటయ్యిందండి?" అని అడిగాడు.

మ్యాట్నీకి ఎదురింటి కిరాణాకొట్టు మాణిక్యమ్మ వచ్చింది. సాయంత్రానికి చేపల బజారు బజారంతా వచ్చింది. వారం తిరిగేసరికి రోడ్డు మీద జనం, కిటికీలకి జనం, కళ్ళజోడు అవసరం లేనివాళ్ళు కూడా కళ్ళు చూపించుకునే వంకన ముందుగా వచ్చి చోటు పట్టుకోవడం. ఊళ్ళో హాలు వెలవెలబోయింది. ఉదయం ఆటలో టోపీవాడు చచ్చిపోయాడని మాణిక్యమ్మ కొట్టు మూసేసి కూర్చుంది. ఆవిడ బాధ చూడలేక కామేశం గారు మ్యాట్నీలో వాణ్ణి బతికించి పెళ్ళి చేశారు.

"పొద్దున్న పోయాడు, మజ్జానం తలంబ్రాలు పోసుకున్నాడు. నేను రిపోర్టులో ఏటని రాయాలండి?" అని సన్యాసిరావు మొత్తుకున్నాడు.

"కోలుకున్నాడని రాయండి" అంది రత్నం.

కామేశం గారికి ఇది బాగానే ఉంది. పోస్టర్లు ఎక్కడివక్కడ ఉన్నాయి. పచ్చగౌనావిడ మాత్రం మధ్యగదిలో తెర వెనక ఉంది. ఆ గది గోడ సన్యాసిరావు లెక్కలోకి రాలేదు. ఆవిడ కథ ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే చివర ఏమైందో చెప్పాలి. అది తనకే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మున్సిపాలిటీ తీర్మానం ఊరికే కూర్చునే రకం కాదు. ఒక ఆదివారం మ్యాట్నీలో, ఊళ్ళో హాల్లో పతాక సన్నివేశం నడుస్తుండగా, బయట ఈదురుగాలికి ఆ సినిమా పోస్టరు ఊడి కాలవలో పడింది. సన్యాసిరావుకి ఇప్పుడు చూపు బాగుంది కదా, చూశాడు. పోస్టరు లేదు గనక ఆట లేనట్టేనని లోపలికి వెళ్ళి సినిమా ఆపించాడు. హీరో విలన్ని కొట్టబోతూ చెయ్యెత్తాడు, చెయ్యి అలాగే ఉండిపోయింది. జనం కుర్చీలు విరగ్గొట్టారు. కౌన్సిలు మళ్ళీ సమావేశమైంది. తప్పు తీర్మానానిది కాదనీ, పోస్టరు గట్టిగా అంటకపోవడానిదనీ తేలింది. "ఇకమీదట పోస్టర్లన్నియు మున్సిపాలిటీ వారి మైదాపిండి జిగురుతో, మున్సిపాలిటీ వారి కుంచెతో, గోడకు శాశ్వతముగా అంటింపబడవలెను. అద్దములు, చట్రములు, మేకులు నిషిద్ధము."

ఈ కబురు తీసుకుని సన్యాసిరావు శనివారం వచ్చాడు. ఏ గోడకి ఎంత మైదా పడుతుందో కొలుచుకుంటూ మధ్యగదిలో తెర తొలగించాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఈ అమ్మగారెవరండి? ఈ ఆట మీరు మాకెప్పుడూ చెప్పలేదే?"

"దానికి ఆట లేదు" అన్నారు కామేశం గారు.

సన్యాసిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కళ్ళజోడు పెట్టుకోకుండా వచ్చినా బాగుణ్ణండి. సోమవారం ఆఫీసరు గారే స్వయంగా వత్తన్నారు. ఆట చెప్తే అంటిస్తాం. లేదంటే చించాలండి."

ఆ రాత్రి కామేశం గారు అన్నం ముట్టలేదు. మైదా పడ్డ కాగితం ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఊళ్ళో గోడల మీద పోస్టర్లన్నీ ఆ జిగురు రుచికి ఆవులు నాకి, పీకి, నమిలి మింగేసేవే. ఇంట్లోకి ఆవు రాకపోయినా బొద్దింకలు ఊరుకుంటాయా? పచ్చగౌనావిడ వంక చూసి చిన్నపిల్లవాడిలా ఏడ్చేశారు. రత్నానికి మొగుడు ఏడవడం అదే మొదటిసారి చూడటం. ఆవిడకి ముందు ఒళ్ళు మండింది, తరవాత జాలేసింది.

ఆదివారం ఉదయం సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళి, ఫోటోలు కట్టే కొట్లో ఉన్న గంధపు దండలన్నీ పట్టుకొచ్చింది. స్టూలెక్కి ఒక్కో పటానికీ ఒక్కో దండ వేసింది. అద్దం మీద నుదుట కుంకంబొట్టు పెట్టింది. ముందు ఒక దీపం, రెండు అగరొత్తులు.

"ఏం చేస్తున్నావు రత్నం?" అన్నారు కామేశం గారు నోరు తెరిచి.

"దండ వెయ్యనంతసేపే అది పోస్టరు. దండ పడిందంటే పెద్దలు. పెద్దల పటాల మీద మైదా ఎవడు పూస్తాడో నేనూ చూస్తాను."

సోమవారం సదానందం గారు, వెనక మైదా బకెట్టుతో సన్యాసిరావు, గుమ్మంలోకి వచ్చారు. సాంబ్రాణి వాసన తగిలింది. సదానందం గారు తలెత్తి చూసి, గభాలున చెప్పులు విప్పారు. సన్యాసిరావు బకెట్టును వీపు వెనక దాచుకున్నాడు.

"వీరందరూ...?" అన్నారు సదానందం గారు, మెల్లిగా.

"మావాళ్ళేనండి. పోయారు" అంది రత్నం, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

గుమ్మం దగ్గర మ్యాట్నీకని వచ్చిన మాణిక్యమ్మ ఆ మాట వింటూనే గొల్లుమంది. "నా నాయనో, టోపీబాబో! నిన్నగాక మొన్నేగా పెళ్ళయ్యిందీ!" అని గుండెలు బాదుకుంది. సన్యాసిరావు కళ్ళు కూడా చెమర్చాయి.

సదానందం గారు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ తరవాత గొంతు సవరించుకున్నారు. "దివంగతులపై ప్రకటనల విభాగానికి అధికారం లేదు. అయితే జనన మరణాల విభాగం కూడా అదనపు బాధ్యతగా నా వద్దనే ఉన్నది. ఇన్ని మరణాలు సంభవించినా ఒక్కటీ నమోదు కాకపోవడం శోచనీయం. నమోదు అయితేనే వీరు పోయినట్లు. లేనిచో పోస్టర్లే. ఈ టోపీ ఆయన తమకు ఏమవుతారు?"

"మా మేనమామండి" అన్నారు కామేశం గారు. "తుపాకీ..."

"తుపాకీ గాయమైతే పోలీసు శాఖ వారిది."

"టైఫాయిడండి."

"సంతోషం. ఈ కిరీటం ఆయన?"

"పెదతాత గారు. పక్షవాతం" అంది రత్నం.

"కత్తి ఎందుకు పట్టుకున్నట్లు?"

"కొబ్బరితోట ఉండేదండి."

ఏడుస్తున్న తల్లి ఉబ్బసంతోనూ, పరిగెడుతున్న బట్టతలాయన గుండెపోటుతోనూ పోయారు. ఒక్కొక్కరే చట్టబద్ధంగా మరణించి, మైదా బారి నుంచి బయటపడ్డారు. చివరికి అందరూ మధ్యగదిలోకి వచ్చారు. సదానందం గారు పచ్చగౌనావిడ ముందు నిలబడి కలం సిద్ధం చేసుకున్నారు.

"ఈమె ఎప్పుడు పోయారు?"

కామేశం గారు నోరు తెరిచారు. చూరు మీంచి జారుతున్న వాన, సైకిలు మీద ఆ చెయ్యి, వీధి చివర ఆ చూపు. ఇంతమందిని చంపిన నోరు ఆవిడ దగ్గర పెగలలేదు.

"చెప్పండి, ఏదో ఒక జబ్బు" అంది రత్నం, మోచేత్తో పొడిచి.

"కారణం లేనిచో నమోదు లేదు. నమోదు లేనిచో ఇది పోస్టరు" అన్నారు సదానందం గారు. సన్యాసిరావు ఏడుపుమొహంతో బకెట్టు ముందుకు తీశాడు.

"ఆవిడ పోలేదండి" అన్నారు కామేశం గారు.

రత్నం తల పట్టుకుంది. సదానందం గారి మొహం ముందు తెల్లబడి, తరవాత ఎర్రబడింది.

"పోలేదా? బతికున్న ఆడకూతురికి దండ వేస్తారా! ఎంత అపచారం! ఇంటికి అరిష్టం, ఊరికి అరిష్టం!" అంటూ ఆయనే స్టూలెక్కి, దండ తీసేశారు. ఆ గాభరాలో శాఖాపరమైన భాష అంతా జారిపోయింది. "తప్పమ్మా, తప్పు! నూరేళ్ళు ఉండాలి తల్లీ!" అని పటానికి దణ్ణం కూడా పెట్టారు. బొట్టు శుభమే కనక ఉంచేశారు. దీపం తీసి సన్యాసిరావు చేత దేవుడి గదిలో పెట్టించారు.

కిందికి దిగి చెమట తుడుచుకున్నాక ఆయనకి మళ్ళీ అధికారం గుర్తొచ్చింది. "జీవించి ఉన్నచో ఇంటింటి జనాభా లెక్కలోకి వస్తారు. ఆ విభాగం కూడా నాదే. ఈమె పేరు?"

ఆవిడ పేరు కామేశం గారికి ఎన్నడూ తెలియదు.

"కనకం" అంది రత్నం. "మా అక్కండి."

కామేశం గారు భార్య వంక చూశారు. ఆవిడ పటం వంకే చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ పటం ముందు అంతసేపు నిలబడటం ఆయన చూడలేదు.

"ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు?"

"వాన పడుతోందండి" అన్నారు కామేశం గారు. "ఎవరిదో చూరు కింద ఆగింది. తగ్గగానే వస్తుంది."

సదానందం గారు ఒకసారి పటం చూసి, తలాడించి, "రాక ఎదురుచూడబడుచున్నది" అని రాసుకున్నారు. కుటుంబ సభ్యురాలి పటాన్ని చించడానికి గాని, అంటించడానికి గాని ఏ తీర్మానమూ లేదు. తెచ్చిన మైదా వృథా కాకూడదని సన్యాసిరావు వీధి తలుపుకి ఇంటినంబరు కాగితం అంటించి వెళ్ళాడు. ఆ కాగితాన్ని మర్నాడే ఆవు తినేసింది.

ఆ తరవాత మున్సిపాలిటీకి వేరే విషయాల మీద ప్రేమ మళ్ళింది. దంటు వారింట్లో ఆటలు ఆగిపోయాయి. మాణిక్యమ్మ బతిమాలినప్పుడు మాత్రం కామేశం గారు పోయినవాళ్ళని తలుచుకుంటున్నట్టుగా ఓ కథ చెప్తారు. రేషనుకార్డులో కనకమ్మ పేరు ఎక్కింది. ఆవిడ వంతు పంచదారతో రత్నం పండగలకి పాయసం చేసి, మొదటి గిన్నె మధ్యగదిలో పెడుతుంది. కాసేపాగి తనే తాగుతుంది.

సంవత్సరానికోసారి లెక్కలకి సన్యాసిరావు వస్తాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఉన్నవాళ్ళ పేర్లు రాసుకున్నాక, గొంతు తగ్గించి అడుగుతాడు.

"కనకమ్మ గారొచ్చారాండి?"

కామేశం గారు మధ్యగది కేసి చూస్తారు. సన్యాసిరావు లేచి వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకుని, పటం ముందు నిలబడి చాలాసేపు చూస్తాడు.

"లేదండి" అంటాడు తనే. "ఇంకా జోరుగానే పడతందండి." అని రాసుకుని, వెళ్ళేముందు గుమ్మంలో గొడుగు విప్పుకుంటాడు.